గర్భాశయ లోపొర స్లైడు చదవడం – 4వ పాఠం: సర్పిల ధమని

గత పాఠంలో గ్రంథుల ఆకారాన్ని బట్టి లోపొర ఏ దశలో ఉందో గుర్తించడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గ్రంథుల మధ్యనున్న రక్తనాళాలను చూద్దాం. పెద్దవారి శరీరంలో గాయం మానే చోట తప్ప కొత్త నాళాలు పుట్టడం అరుదు. అండాశయంలోనూ గర్భాశయ లోపొరలోనూ మాత్రం అవి నెలనెలా పుట్టి, పెరిగి, నశిస్తాయి.

28 రోజుల చక్రంలో సుమారు 23వ రోజు నాటి స్లైడును 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెట్టండి. గులాబీ రంగు గోడలున్న చిన్న గుండ్రని రంధ్రాలు నాలుగైదు, ఒకదాని పక్కన ఒకటిగా వరుసలో కనిపిస్తాయి. కొత్తగా చూసేవారు వాటిని నాలుగైదు నాళాలుగా లెక్కవేస్తారు, కానీ అక్కడున్నది మెలిదిరిగిన ఒకే ధమని, అదే సర్పిల ధమని. సొరపాదు నులితీగను బ్లేడుతో నిలువునా కోసి చూస్తే, ఒక్క తీగే ఎన్ని గుండ్రాలుగా తెగుతుందో తెలుస్తుంది. ఈ ప్రయోగం ఒకసారి చేసి చూసినవారు ఆ లెక్క మళ్లీ తప్పరు.

ధమని అలా మెలిదిరగడానికి కారణం, అది లోపొర మందం కంటే వేగంగా పొడవు పెరగడమే. ఆ పెరుగుదలను నడిపించే ప్రధాన సంకేతం వీఈజీఎఫ్ అనే ప్రోటీను. రుతుస్రావ సమయంలో ఆక్సిజన్ తగ్గిన కణజాలం దాన్ని తయారుచేస్తుంది. ఆ తర్వాత ఈస్ట్రోజన్ హార్మోన్ పెరిగే రోజుల్లో గ్రంథి కణాలూ, వాటి చుట్టూ ఉన్న స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలూ ఆ పనిని కొనసాగిస్తాయి. అయితే వీఈజీఎఫ్ ఒక్కటే చాలదు. ఆంజియోపొయిటిన్-2 అనే మరో ప్రోటీను నాళపు గోడ పట్టును సడలిస్తుంది: అప్పుడు వీఈజీఎఫ్ అందుబాటులో ఉంటే నాళం కొత్త మొలక వేస్తుంది, లేకపోతే కుంచించుకుపోతుంది. ఆంజియోపొయిటిన్-1 ఇందుకు విరుద్ధంగా గోడను స్థిరపరుస్తుంది. ఒకే సడలింపు సందర్భాన్ని బట్టి పుట్టుకకూ నాశనానికీ దారితీయడమే ఈ పాఠంలో అన్నిటికన్నా జాగ్రత్తగా గుర్తుంచుకోవలసిన విషయం.

ఇప్పుడు 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కు మారి, ఆ గుండ్రాల చుట్టూ ఉన్న కణాలను చూడండి. దూరంగా ఉన్న స్ట్రోమా కణాలు సన్నగా, కదురులా ఉంటే, ధమనిని ఆనుకున్నవి బొద్దుగా, లేత రంగు కణద్రవ్యంతో, దానికి కట్టుకట్టినట్టు కనిపిస్తాయి. ఇది ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ చేసిన మార్పు. ధమని చుట్టూనే మొదలై, క్రమంగా పైపొర కిందికి వ్యాపిస్తుంది. అడుగు పొరలోని పొట్టి, తిన్నని ధమనులు హార్మోన్లకు ఇంతగా స్పందించవు. రాలిపోకుండా మిగిలి, కొత్త పొరకు ఆధారమవుతాయి.

ప్రొజెస్టరాన్ పడిపోయినప్పుడు ఏమవుతుందో 1940లో మార్కీ అనే శాస్త్రవేత్త కళ్లారా చూపించారు. రీసస్ కోతి గర్భాశయ లోపొర ముక్కలను ఆ కోతి కంటిలోనే, కార్నియా వెనకనున్న ఖాళీలో నాటి, పారదర్శకమైన కార్నియా గుండా రోజుల తరబడి గమనించారు. కణజాలం పలచబడేకొద్దీ ధమని మెలికలు మరింత బిగిశాయి, రక్తప్రవాహం మందగించింది. స్రావానికి సుమారు 4 నుంచి 24 గంటల ముందు ధమనులు గట్టిగా ముడుచుకున్నాయి. స్లైడు ఒక్క క్షణాన్నే చూపిస్తుంది కనుక, దాన్ని చూసేటప్పుడు ఈ క్రమాన్ని మనసులో నడుపుకోవాలి.

ఒక హెచ్చరిక: మామూలు హెమటాక్సిలిన్–ఇయోసిన్ రంగులో సన్నని కేశనాళికలు సులభంగా కంటికి ఆనవు. నాళాల సాంద్రతను కొలవాలంటే నాళాల లోపలి గోడను కప్పే ఎండోథీలియం కణాలను గోధుమ రంగులో చూపించే సీడీ31 పరీక్ష కావాలి. ప్రొజెస్టరాన్ మాత్రమే ఉన్న గర్భనిరోధకాలు వాడే స్త్రీలలో క్రమంలేని స్రావం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ పరీక్ష ఎంతో ఉపకరిస్తుంది. అక్కడ పైపొర కింద గోడ పలచబడి, వెడల్పుగా సాగిన బలహీన నాళాలు కనిపిస్తాయి.

వచ్చే పాఠానికి ముందు 10వ రోజు, 23వ రోజు స్లైడులను పక్కపక్కన పెట్టి, ఒక్కో సర్పిల ధమనిని పెన్సిలుతో గీయండి. రంధ్రాల సంఖ్య, గోడ మందం, చుట్టూ ఉన్న కణాల ఆకారం – ఈ మూడింటినీ బొమ్మ పక్కనే రాసి ఉంచండి.