వాగులు పొంగకముందే సూది వేయించండి

ఒడిశాలోని మన మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర శబరి నదిలో సీలేరు కలుస్తుంది. వానలు ముదిరాయంటే ఇటు పల్లెలకు ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) రావడమూ కష్టమే, బిడ్డను ఎత్తుకుని మనం వెళ్లడమూ కష్టమే. అందుకే మే నెలలోనే టీకా కార్డు తీసి, ఏ గడి ఖాళీగా ఉందో చూడండి.

ముందుగా చూడవలసింది మెదడువాపు టీకా. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది. అప్పుడే తట్టు-రుబెల్లా టీకా కూడా వేస్తారు. ఈ మెదడువాపును మోసుకొచ్చే దోమలు వరిమళ్ల నీళ్లలోనే ఎక్కువగా పెరుగుతాయి. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో పసివాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు ఇంకా మన కళ్ల ముందే ఉన్నాయి.

మన దగ్గర టీకా తప్పిపోయేది ఎక్కువగా ఒక్క మాటతో: ‘ముక్కు కారుతోంది, వచ్చే నెల చూద్దాం.’ ఆ వచ్చే నెలకు వాగు అడ్డం పడుతుంది. జలుబు, దగ్గు, కాస్త ఒళ్లు వెచ్చబడటం, మామూలు విరేచనాలు, పళ్లు రావడం, ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. బిడ్డ బక్కగా ఉందని అసలే ఆపకూడదు. తట్టు వస్తే ముందు కుంగిపోయేది అలాంటి బిడ్డే.

ఆపవలసిన సందర్భాలు కొన్నే. బిడ్డ జ్వరంతో కాలిపోతూ, పాలు తాగక, మగతగా పడి ఉంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోలుకోగానే టీకా వేయించండి. గతంలో ఏదైనా టీకా వేసిన వెంటనే ఊపిరాడకపోవడం, ముఖం వాయడం జరిగినా, తర్వాతి రోజుల్లో ఫిట్స్ వచ్చినా దాచకుండా చెప్పండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, క్యాన్సర్ మందులు వాడే పిల్లలకు కొన్ని టీకాలు పనికిరావు. అది తేల్చవలసింది డాక్టరు, పక్కింటివాళ్లు కాదు.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు సహజం. పారాసెటమాల్ ఎన్ని చుక్కలో ఏఎన్ఎంనే అడగండి. బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పుండై చీము కారుతుంది. దాన్ని పిండకండి, పసుపుగానీ ఆకు పసరుగానీ పెట్టకండి. దానంతటదే మాని మచ్చ పడుతుంది.

మిరప కోతలకు ఖమ్మం వైపు వెళ్లేవాళ్లు కార్డు వెంట పెట్టుకోండి. ఒడియాలో ఉన్నా అక్కడి ఏఎన్ఎం తేదీలు చూసి మిగిలిన డోసు వేయగలదు. తప్పిన చోట నుంచే కొనసాగిస్తారు, మొదటి నుంచి మళ్లీ వేయరు. తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి, రేషన్ కార్డుతో కలిపి ఉంచండి.