పనిలో గాయపడితే పరిహారం ఎవరివ్వాలి, ఎంతివ్వాలి? లెక్క ఇలా వేయండి

విశాఖపట్నంలో గాజువాక ఆటోనగర్‌లోనో, పరవాడ ఫార్మాసిటీలోనో ఒకరి చెయ్యి మెషిన్‌లో పడితే, నాలుగు రోజుల్లో మేస్త్రీ ఇంటికొచ్చి "లక్ష ఇప్పిస్తాను, కేసులెందుకు" అంటాడు. ఆ లక్ష న్యాయమో కాదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ టెన్షన్‌లో సంతకం పెట్టేస్తారు. రాజీకి కూర్చునే ముందే మీ లెక్క మీరు వేసుకోవాలి.

మొదట ఆసుపత్రి కాగితం

విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లినా, ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లినా, ఎక్కడ, ఏ పని చేస్తుండగా, ఎన్ని గంటలకు గాయమైందో కేస్‌షీట్‌లో రాయించండి. వెంట వచ్చిన సూపర్‌వైజర్ "ఇంటి దగ్గర జారిపడ్డాడు" అని రాయిస్తే, తర్వాత దాన్ని తప్పని నిరూపించడం చాలా కష్టం. గేట్ పాస్, హాజరు వివరాలు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు, పక్కన పనిచేసినవాళ్ల ఫోన్ నంబర్లు ఆ వారంలోనే పోగుచేయండి. కాంట్రాక్ట్ పని అయిపోతే అందరూ ఊళ్లకు వెళ్లిపోతారు, సాక్షి దొరకడు.

ఈఎస్ఐ ఉందేమో చూడండి

జీతంలో ఈఎస్ఐ (కార్మికులకు ప్రభుత్వం నడిపే బీమా) కోత ఉంటే దారి వేరు. అప్పుడు యజమాని మీద విడిగా పరిహారం కేసు కుదరదు, డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం, శాశ్వత వైకల్యం ఉంటే మెడికల్ బోర్డు తేల్చినదాన్ని బట్టి నెలనెలా డబ్బు వస్తుంది. వైద్యానికి మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐ లేనివాళ్లు కింది లెక్క చూసుకోవాలి.

బాధ్యత ఎవరిది?

"వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అని కంపెనీ అంటే అక్కడితో ఆగిపోకండి. తన పనిని కాంట్రాక్టర్‌తో చేయించుకున్న ప్రధాన యజమాని కూడా పరిహారం ఇవ్వాల్సిందే, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో కాంట్రాక్ట్ సంస్థల కార్మికులూ ఉన్నారు. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ రాయండి.

"నీ అజాగ్రత్త వల్లే జరిగింది" అన్నా హక్కు పోదు. మత్తులో ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం, ఈ మూడే మినహాయింపులు. మరణం, పూర్తి శాశ్వత వైకల్యం సంభవిస్తే ఈ మూడూ అడ్డురావు.

అసలు లెక్క

2025 నవంబర్ 21 నుంచి 1923 నాటి పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లెక్క వేసే పద్ధతి దాదాపు పాతదే. ప్రమాదం జరిగిన తేదీకి ఏ చట్టం, ఏ జీతం పరిమితి అమల్లో ఉన్నాయో అవే వర్తిస్తాయి. పాత చట్టం కింద 2020 జనవరి 3 నుంచి ఆ పరిమితి 15,000 రూపాయలు. అంతకంటే ఎక్కువ సంపాదించినా లెక్కకు తీసుకునేది అంతే.

పాత చట్టం నాటి ప్రమాదం ఒకటి తీసుకుందాం. ఫిట్టర్‌కు 30 ఏళ్లు, జీతం 18,000, చేతి బొటనవేలు పోయింది. 15,000లో 60 శాతం 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820. బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టని చట్టంలోని పట్టికలో ఉంది కాబట్టి పరిహారం 5,61,546 రూపాయలు. మేస్త్రీ చెప్పిన లక్ష దీనిపక్కన పెట్టి చూడండి. అదే మనిషి చనిపోయి ఉంటే 60కి బదులు 50 శాతం తీసుకుంటారు, కుటుంబానికి 15,59,850 రావాలి. వైద్యం ఖర్చు దీనికి అదనం, బిల్లులన్నీ దాచండి. తాత్కాలికంగా పని మానాల్సి వస్తే పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి.

చాలామంది నష్టపోయేది శాతం దగ్గరే. డాక్టర్ చెప్పే వైకల్యం వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేశారు. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడని 1975లో సుప్రీంకోర్టు దాన్ని నూటికి నూరు శాతం నష్టంగానే లెక్కించింది. అందుకే సర్టిఫికెట్‌లో గాయం ఒక్కటే కాదు, ఆ మనిషి చేసే పని ఏమిటో, ఇక ఏది చేయలేడో కూడా రాయమని డాక్టర్‌ను అడగండి. ఎత్తు మీద పనిచేసే వెల్డర్‌కు కాలు వంగకపోవడం, కుర్చీలో కూర్చునే గుమస్తాకు వంగకపోవడం ఒక్కటి కాదు.

దరఖాస్తు

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి దగ్గర వేయాలి. సివిల్ కోర్టు, ఇది, రెండూ కుదరవు. ఏదో ఒకటే ఎంచుకోవాలి. యజమాని నెలలోపు చెల్లించకపోతే వడ్డీ (పాత చట్టం కింద ఏడాదికి 12 శాతం), సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు జరిమానా అడగండి. మరణం కేసులో డబ్బు ఆ అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. హక్కులు వదులుకున్నట్టు తెల్లకాగితం మీద రాయించుకున్నా అది చెల్లదు. తీర్పు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ మొత్తం కట్టాల్సిందే.