సైనోఫోన్ సాహిత్యం: సొంతంగా చదువుకుందాం
3వ పాఠం: యాస వినడం

కిందటి పాఠంలో రచయితది ఏ దేశమని కాదు, ఎక్కడ ఉండి ఏ భాషలో రాశారని అడగడం నేర్చుకున్నాం. ఈసారి పని చెవులకు.

ఈ పద్ధతి షు-మెయ్ షి గారిది. చైనా తల్లిదండ్రులకు దక్షిణ కొరియాలో పుట్టి, తైవాన్‌లో డిగ్రీ చదివి, అమెరికాలో తులనాత్మక సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 2001లో వచ్చిన తొలి పుస్తకం 1917–1937 నాటి చైనా ఆధునిక సాహిత్యం గురించి. 2007లో వచ్చిన పుస్తకంతో 'సైనోఫోన్' అన్న మాట నిలబడింది. చైనా బయటా, చైనా అంచుల్లోనూ చైనీస్ భాషల్లో పుట్టే సాహిత్యం, సినిమా అన్నీ దాని కిందికి వస్తాయి.

ఆ పుస్తకం సిద్ధాంతంతో మొదలవదు, ఒక సినిమాలోని యాసలతో మొదలవుతుంది. 2000లో ఆంగ్ లీ తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' అది. కథ పాత చైనాలో జరుగుతుంది. నటుల్లో మిషెల్ యో మలేసియా, చౌ యున్-ఫట్ హాంకాంగ్, చాంగ్ చెన్ తైవాన్, జాంగ్ జీయీ బీజింగ్. సినిమా భాష మాండరిన్, అంటే చైనా అధికార భాష. అది రాని మిషెల్ యో డైలాగులు శబ్దాలుగా బట్టీపట్టి చెప్పారు. మాండరిన్ బాగా తెలిసినవాళ్లు ఆ యాసలు విని చిరాకుపడ్డారు. షి గారు సరిగ్గా అక్కడే ఆగారు. అందరిదీ ఒకే గొంతు కావాలని కోరుకునేది ఎవరు? తెర మీద ఒకే చైనా కనిపిస్తున్నా నోళ్లు నాలుగు ఊళ్ల పేర్లు చెబుతున్నాయి కదా! నన్ను ఈ చదువులోకి లాగింది ఈ ఒక్క పరిశీలనే.

ఇక అభ్యాసం. సినిమాను మాండరిన్‌లోనే చూడండి, డబ్బింగ్‌లో చూస్తే పాఠమే పోతుంది. మాండరిన్‌లో మాటిమాటికీ వచ్చే 'షి' అనే మాట ఉంది, 'అవును' అన్నట్టూ, ఇంగ్లిష్ 'is' లాగానూ వాడతారు. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ 'ష' హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ భాష కాంటనీస్‌లో లేదు. అందుకే కాంటనీస్ వాళ్ల నోట అది చాలాసార్లు 'సి'కి దగ్గరగా వస్తుంది. ష, స తేడా మన చెవికి కొత్త కాదు, భాష రాకపోయినా పట్టేస్తారు.

చౌ యున్-ఫట్, జాంగ్ జీయీ ఇద్దరూ మాట్లాడే ఒక సన్నివేశం తీసుకోండి. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో చూడండి. రెండోసారి కళ్లు మూసుకుని వినండి. ఎవరి 'ష' ఎలా ఉందో రెండు వరుసలుగా రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ కాగితంతోనే మలేసియా చైనీస్ కథ ఒకటి చదువుతాం.