మాక్‌బెత్ బుద్ధి ఎక్కడ తప్పిందో అంచెలంచెలుగా పట్టుకోవడం ఎలా?

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ మీద జవాబు రాయమంటే చాలామంది ‘రాజ్యకాంక్ష అతన్ని గుడ్డివాణ్ణి చేసింది’ అని ముగించేస్తారు. సగం నాటకానికే అది సరిపోతుంది. స్కాట్లండ్ రాజు డంకన్‌ని చంపేదాకా, అతని సేనాని మాక్‌బెత్‌ని నడిపింది ఆశ, కిరీటం పెట్టుకున్నాక నడిపింది భయం. ఆ రెండూ ఎక్కడ చేతులు మారాయో చూడాలంటే పంక్తుల సంఖ్యలున్న ప్రతి ఒకటి తీసుకోండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: అతనికి తెలిసిందేమిటి, పక్కన పెట్టిందేమిటి, అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంది.

1. మొదటి అంకం, మూడో రంగం. మంత్రగత్తెలు రాజువవుతావన్నారు గానీ చంపమనలేదు. హత్య ఊహ అతనిదే. అదే మాటలు పక్కనే విన్న తోటి సేనాని బాంకో మాత్రం, చిన్న నిజాలతో నమ్మించి పెద్ద విషయంలో ముంచుతారేమోనని అనుమానపడ్డాడు. ఇద్దరి స్పందనల్నీ పక్కపక్కన రాయండి.

2. అదే అంకం, ఏడో రంగం. ఇక్కడ నిదానంగా చదవాలి. మొదటి 28 పంక్తుల స్వగతంలో డంకన్ తన బంధువు, రాజు, అతిథి అనీ, మంచి పాలకుడనీ, చేసిన పాపం చేసినవాడి మీదికే తిరిగొస్తుందనీ తనే లెక్కగడతాడు. ఆశ తప్ప తనకు వేరే కారణమే లేదని ఒప్పుకుంటాడు. అంటే బుద్ధి పనిచేస్తూనే ఉంది! ఆ తర్వాత లేడీ మాక్‌బెత్ ఈ వాదనల్లో ఒక్కదానికీ జవాబివ్వదు. పిరికివాడివంటుంది, కాపలావాళ్లకు తాగించి పని కానిద్దామంటుంది. అతను అడిగే ప్రశ్న కూడా ‘పని చెడితే?’ అనే. తప్పా ఒప్పా అన్న చర్చ కాస్తా కుదురుతుందా లేదా అన్న చర్చగా మారిపోయింది. రెండో గడి నిండేది ఇక్కడే.

3. మూడో అంకం, మొదటి రంగం. రాజయ్యాడు, అయినా నిశ్చింత లేదు. బాంకో వంశం రాజ్యమేలుతుందన్న జోస్యం వేధిస్తోంది. జోస్యం నిజమైతే బాంకోనీ కొడుకునీ చంపినా ఆగదు, అబద్ధమైతే భయపడాల్సిన పనిలేదు. తనకు కలిసొచ్చిన సగం నమ్మి, మిగతా సగాన్ని కత్తితో కొట్టేయాలనుకున్నాడు. ఈసారి భార్యకు కూడా చెప్పలేదు. నాలుగో రంగం చివరికొచ్చేసరికి ప్రతి ప్రభువు ఇంట్లోనూ డబ్బిచ్చి ఒక నౌకరును పెట్టుకున్నానంటాడు.

4. నాలుగో అంకం, మొదటి రంగం. మాక్‌బెత్ మళ్లీ మంత్రగత్తెల దగ్గరికెళ్తాడు. వాళ్లు రప్పించిన ఆకారాల నోట, స్త్రీ కన్నవాడెవడూ నిన్నేమీ చేయలేడన్న మాట వినగానే ఫైఫ్ ప్రభువు మాక్‌డఫ్‌ని బతకనిద్దామంటాడు. మరుక్షణమే, ఎందుకైనా మంచిదని చంపాలంటాడు. బర్నమ్ అడవి కదిలి తన మీదికొచ్చేదాకా ఓటమి లేదన్న మాట కూడా వింటాడు. ఆ తర్వాత మాక్‌డఫ్ ఇంగ్లండ్ పారిపోయాడని కబురొస్తుంది. దాంతో ఫైఫ్‌లో ఉన్న అతని భార్యాబిడ్డల మీదికి మనుషుల్ని పంపుతాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. కొరివితో తల గోక్కోవడమే, ఎందుకంటే మాక్‌డఫ్‌కి సొంత పగ పుట్టింది. ఇకమీదట మనసులో మొదట మెదిలిందే చేతులు మొదట చేస్తాయని అతనే అంటాడు కాబట్టి, మూడో గడిలో సున్నా వేయండి.

అయిదో అంకం వేగంగా చదవొచ్చు. మాక్‌బెత్ మీదికొచ్చిన సైనికులు తమ సంఖ్య తెలియకుండా బర్నమ్ అడవి కొమ్మలు నరికి పట్టుకొస్తారు. మాక్‌డఫ్ నెలలు నిండకుండానే తల్లి కడుపు కోసి తీసినవాడు. జోస్యాలు అబద్ధమాడలేదు. జవాబులో ‘విధి మోసం చేసింది’ అని రాయబోతుంటే ఆగి, ఆ మాటలకు ఇంకో అర్థం ఉందేమోనని అతను ఎక్కడైనా అడిగాడేమో మీ గడుల్లో వెతకండి.