బైక్‌కి సరైన ఇంజన్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి? డబ్బా వెనక్కి తిప్పి చదవండి

"ఏదో ఒక మంచి ఆయిల్ పోసెయ్" అని మెకానిక్‌కి చెప్పి పక్కకెళ్లి ఫోన్ చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో బైకులన్నిటికీ ఆయిల్ కొనేది నేనే, మార్చేది నేనే. ఆయిల్ మార్చడం మర్చిపోయి ఇంజన్ పాడు చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. కానీ శ్రద్ధగా, బోలెడు డబ్బు పెట్టి తప్పు ఆయిల్ తెచ్చుకుని క్లచ్ పోగొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు.

ముందు చేతిలో ఉండాల్సినవి

బైక్‌తో వచ్చిన ఓనర్స్ మాన్యువల్, ఒక పెన్ను, చత్వారం ఉంటే కళ్లద్దాలు. కళ్లద్దాల మాట ఊరికే అనలేదు, డబ్బా వెనక అక్షరాలు చీమల్లా ఉంటాయి. మాన్యువల్ పోయిందా? చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెడతాయి, మోడలూ సంవత్సరమూ చూసి దించుకోండి.

అడుగు 1: మాన్యువల్‌లోంచి నాలుగు విషయాలు రాసుకోండి

గ్రేడు (ఆయిల్ చిక్కదనం, 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 లాంటిది), ఏపీఐ స్థాయి (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నాణ్యత స్థాయి, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ లాంటి రెండక్షరాలు), జాసో తరగతి (క్లచ్‌కి ఆయిల్ ఎంత పట్టు ఇస్తుందో చెప్పేది, ఎంఏ, ఎంఏ2, ఎంబీ), ఎంత పొయ్యాలన్నది. పరిమాణం దగ్గర రెండు మూడు అంకెలు కనిపిస్తాయి. ఆయిల్ మాత్రమే మారిస్తే ఒకటి, ఫిల్టర్ కూడా మారిస్తే ఇంకొకటి, ఇంజన్ మొత్తం విప్పి బిగిస్తే మరొకటి. మూడోదానితో మీకు పని లేదు. చాలామంది దాన్నే చూసి ఎక్కువ పోస్తారు.

అడుగు 2: గ్రేడు దగ్గర తెలివితేటలు చూపించకండి

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి 25 డిగ్రీలు దిగువన పరీక్షిస్తారు, 20డబ్ల్యూని 15 డిగ్రీలు దిగువన. రెండో అంకె ఆయిల్ 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అంటే 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండూ ఇంజన్ వేడెక్కాక ఒకే కొలతల మధ్య ఉంటాయి. "ఎండాకాలం కదా, పది పల్చగా ఉంటుంది, ఇరవై వేయించు" అని సలహా ఇచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఇరవై వేయిస్తే మారేది పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పటి సంగతి. చల్లటి ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పైదాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆలోపు కామ్ షాఫ్ట్ (పైన వాల్వుల్ని తెరిచే ఇరుసు) పాత తడి మీదే తిరగాలి.

ఇంకో అపోహ, చిక్కగా ఉంటేనే బలమని. ఆయిల్ పంపు, బేరింగుల సందులు అన్నీ ఒక గ్రేడుని లెక్కలో పెట్టుకుని తయారైనవి. మాన్యువల్ 10డబ్ల్యూ-30 అంటే 10డబ్ల్యూ-30 పొయ్యండి. కొన్ని మాన్యువళ్లలో బయటి ఉష్ణోగ్రతని బట్టి రెండు మూడు గ్రేడులు చూపించే పట్టిక ఉంటుంది. ఎంపిక మీది అయ్యేది అక్కడే. పాత బైక్ ఆయిల్ తాగుతోందని చిక్కటిది పోయడం రోగం వదిలేసి దగ్గుకి మందు వేసుకోవడం లాంటిది. ముందు పొగ ఎందుకు వస్తోందో చూడండి.

అడుగు 3: డబ్బా వెనక్కి తిప్పండి (జనం తప్పు చేసేది ఇక్కడే)

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మిగతా అడుగుల్లో పొరపాటు జరిగితే సర్దుకోవచ్చు, ఇక్కడ జరిగితే క్లచ్ విప్పాల్సి వస్తుంది.

కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్ వరకే. క్లచ్ సాధారణంగా పొడిగా, విడిగా ఉంటుంది, గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్. చాలా బైకుల్లో అలా కాదు, ఇంజన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో ఉంటాయి. పిస్టన్ దగ్గర ఆయిల్ జారుడుగా ఉండాలి. అదే ఆయిల్‌లో మునిగి ఉన్న క్లచ్ ప్లేట్లు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి, జారకూడదు. ఒకే ద్రవం ఈ రెండు పనులూ చెయ్యాలి. బైక్ ఆయిల్ ప్రత్యేకత అంతా ఇదే.

ఒకప్పుడు కారు ఆయిలే బైకుల్లోనూ పోసేవాళ్లు, నడిచేది. తర్వాత మైలేజీ కోసం కారు ఆయిళ్లని ఇంకా జారుడుగా చేసే రసాయనాలు కలపడం మొదలైంది. బైకుల్లో క్లచ్‌లు జారడం మొదలెట్టాయి. దాంతో జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో బైకుల కోసం విడిగా ఒక ప్రమాణం తెచ్చింది. జాసో అంటే అదే. క్లచ్‌కి తగినంత పట్టు ఇచ్చే ఆయిల్ ఎంఏ, జారుడు ఎక్కువ ఉన్నది ఎంబీ. 2006లో ఎంఏని మళ్లీ విడగొట్టారు. పట్టు ఎక్కువ ఉన్నది ఎంఏ2, కాస్త తక్కువది ఎంఏ1.

ఇప్పుడు డబ్బా చేతిలోకి తీసుకోండి. ముందు వైపు బొమ్మలూ, మెరుపులూ, పెద్ద అక్షరాలూ ఉంటాయి, వాటిని వదిలెయ్యండి. వెనక చూడండి. రెండు గుర్తులు వెతకాలి.

మొదటిది, చిన్న గడి గీత లోపల జాసో గుర్తు. అందులో ఒక కోడు నంబరు, పెద్దగా ఎంఏ లేదా ఎంఏ2 అనీ, ఆ పనితనానికి హామీ ఇస్తున్న కంపెనీ పేరూ ఉంటాయి. ఆ గీత లేకుండా మామూలు వాక్యంలో "జాసో ఎంఏ2కి తగినది" అని రాసి ఉంటే నేను డబ్బా వెనక్కి పెట్టేస్తాను. అది చట్టరీత్యా తప్పని అనను. గుర్తు పెట్టుకునే తీరిక లేని కంపెనీ ఆయిల్ కొనే తీరిక నాకూ లేదు, అంతే.

రెండోది, గుండ్రటి ఏపీఐ ముద్ర. పై సగంలో ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ లాంటి అక్షరాలు, మధ్యలో గ్రేడు. అసలు చూడాల్సింది కింది సగం. అక్కడ ఖాళీగా ఉంటే మంచిది. "ఎనర్జీ కన్జర్వింగ్" అనో "రిసోర్స్ కన్జర్వింగ్" అనో ఉంటే, తడి క్లచ్ ఉన్న బైక్‌లో అది వద్దు. ఆ మాటలు ఎక్కువగా 30, అంతకంటే పల్చటి గ్రేడుల మీద కనిపిస్తాయి. కాబట్టి 10డబ్ల్యూ-30 కొనేవాళ్లు రెండుసార్లు చూడాలి. కారు డబ్బా, బైక్ డబ్బా ఒకే గ్రేడుతో పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా దాదాపు ఒకటే.

మా బావమరిది సంగతి చెబుతాను. కారుకి పోయగా మిగిలిన ఖరీదైన ఫుల్ సింథటిక్ ఆయిల్ ఉంది, వృథా ఎందుకని బైక్‌లో పోశాడు. మొదటి వారం ఇంజన్ మెత్తగా ఉందని మురిసిపోయాడు కూడా. రెండో వారం నన్ను వెనక ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతున్నాడు. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పాడు. ఇంజన్ మోత పెరిగింది, టాకోమీటర్ (ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) ముల్లు పైకి లేచింది, స్పీడోమీటర్ ముల్లు ఉన్నచోటే ఉంది. ఇంకాస్త తిప్పాడు, ఇంకాస్త మోత. వెంటనే ఆయిల్ మార్చి ఉంటే ప్లేట్లు బతికేవేమో. ఇంకో నెల అలాగే నడిపాడు. కవర్ విప్పినప్పుడు కాలిన వాసన గుప్పుమంది. గరుకుగా ఉండాల్సిన ప్లేట్లు అద్దంలా నున్నగా, నల్లగా ఉన్నాయి. మొత్తం సెట్టు మార్చాల్సి వచ్చింది.

ఇదే లెక్కలో ఇంకో హెచ్చరిక. సరైన ఎంఏ2 ఆయిల్ కొని, అందులో "రాపిడి తగ్గిస్తుంది, పికప్ పెరుగుతుంది" అంటూ అమ్మే చిన్న సీసా కలిపేవాళ్లున్నారు. రాపిడి తగ్గకూడని చోట తగ్గించడానికి విడిగా డబ్బులు కట్టడం అన్నమాట. వద్దు.

స్కూటర్ల సంగతి వేరు. బెల్టుతో నడిచే గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా, బయట ఉంటుంది. వాటికి మాన్యువల్‌లో ఎంబీ అని ఉంటే నిశ్చింతగా ఎంబీ పొయ్యండి. కానీ క్లచ్ లివర్ కనబడలేదని మోసపోకండి. లివర్ లేకుండా కాలితో గేర్లు మార్చే బండ్లు ఉంటాయి చూశారా, వాటి లోపల తడి క్లచ్చే ఉంటుంది, వాటికి ఎంఏ కావాలి.

ఏపీఐ అక్షరాల గురించి ఒక్క మాట. అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మాన్యువల్ ఎస్‌ఎల్ లేదా అంతకంటే పైది అంటే ఎస్‌ఎన్ తీసుకోవచ్చు, జాసో గుర్తు ఉండాలి, అంతే. అక్షరం కొత్తదైనంత మాత్రాన క్లచ్‌కి మంచిదని కాదు.

అడుగు 4: మినరలా, సెమీ సింథటిక్కా, ఫుల్ సింథటిక్కా?

మినరల్ అంటే ముడి చమురుని శుద్ధి చేసి తీసింది, ఫుల్ సింథటిక్ అంటే రసాయన ప్రక్రియతో తయారుచేసింది, సెమీ అంటే రెండూ కలిపింది. రోజూ ఆఫీసుకీ, సరుకులకీ వాడే బైక్‌కి సెమీ సింథటిక్. ఇంక చర్చ లేదు. మాన్యువల్ ఫుల్ సింథటిక్ అడిగితే అదే పొయ్యండి, అక్కడ పొదుపు పనికిరాదు. మినరల్ ఆయిల్ చెడ్డదేం కాదు, సమయానికి మారిస్తే. మార్చరు కదా, అదీ బాధ.

ఫుల్ సింథటిక్ వేశాం కాబట్టి రెట్టింపు కిలోమీటర్లు తిరగొచ్చనే లెక్కతో నాకు పడదు. ఉష్ణోగ్రతతో పాటు ఆయిల్ మరీ పల్చబడిపోకుండా అందులో పొడవాటి పాలిమర్లు కలుపుతారు. బైక్‌లో అవి గేరు పళ్ల మధ్య నలిగి తెగిపోతాయి, ఆయిల్ దాని గ్రేడు కంటే పల్చనవుతుంది. బేస్ ఆయిల్ (ఏమీ కలపని అసలు నూనె) ఎంత ఖరీదైనదైనా గేరు పళ్లు నలపడం మానవు. పైగా పెట్రోలు ఆవిరీ, మసీ వచ్చి చేరుతుంటాయి. నా పద్ధతి, మాన్యువల్‌లో చెప్పిన దూరానికి 500 కిలోమీటర్ల ముందే మార్చడం. ఖరీదైన ఆయిల్ ఆలస్యంగా మార్చడం కంటే మధ్యరకం ఆయిల్ త్వరగా మార్చడం మేలు. సెమీ అంటే సగానికి సగం సింథటిక్ అనుకోకండి, ఎంత పాళ్లు ఉండాలన్న నియమం ఏమీ లేదు.

రంగు చూసి బెంబేలెత్తకండి. కొన్నాళ్లకే నల్లబడిందంటే మసిని తనలో కలుపుకుంటోందని అర్థం, అది దాని పనే. టెన్షన్ పడాల్సింది పాలు కలిపిన టీలా కనిపిస్తే. అప్పుడు లోపలికి నీళ్లో కూలెంటో చేరాయి.

అడుగు 5: కొనండి, పొయ్యండి

సీలు ఉన్న డబ్బానే. విడిగా కొలిచి పోసే ఆయిల్ వద్దు, అది ఏ డ్రమ్ములోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మూత కింది రింగు తెగలేదని, తయారీ తేదీ ఉందని చూడండి. మెకానిక్ చేత పోయించినా సీలు మీ ఎదుటే తియ్యాలి.

ఇంజన్ పది నిమిషాలు నడిపి ఆపండి, డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ పూర్తిగా కారనివ్వండి, కొత్త వాషర్ వేసి బిగించండి, గరాటుతో పొయ్యండి. రాసుకున్న పరిమాణం కంటే కొంచెం తక్కువ పోసి, ఇంజన్ మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలయ్యాక లెవెల్ చూడండి. బైక్ నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద కాదు. చాలా బైకుల్లో డిప్ స్టిక్‌ని (లెవెల్ చూసే గీతల పుల్లని) మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది. గీతలు రెండింటి మధ్య, పై గీతకి కాస్త దగ్గరగా ఆగండి. పై గీత దాటితే ఆయిల్ నురగ కడుతుంది, ఇంజన్ ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది. పాత ఆయిల్‌ని కాలువలో పారబొయ్యకండి, డబ్బాలో పట్టి రీసైక్లింగ్‌కి ఇవ్వండి.

తర్వాత ఒక ఎత్తు రోడ్డు మీద టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పి చూడండి. మోతతో పాటు వేగమూ పెరిగితే మీ పని అయిపోయింది. అడుగున మిగిలిన కాస్త ఆయిల్ డబ్బా మీద మార్కర్‌తో కిలోమీటర్లూ తేదీ రాసి పెట్టుకోండి, మధ్యలో లెవెల్ తగ్గితే అదే పోయవచ్చు.

మా బావమరిది దగ్గర మిగిలిన ఆ కారు ఆయిల్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. గేటు మడతబందులకి వాడుతున్నాను. గేటుకి క్లచ్ లేదు కాబట్టి ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు.