వణుకు మొదలైతే ముందు మందుల సంచి తెరవండి

పెద్ద వయసువారికి చేయి వణకడం, అడుగులు చిన్నవి కావడం, ముఖంలో కదలిక తగ్గడం మొదలైతే ఇంట్లోవారికి వెంటనే పార్కిన్సన్ వ్యాధి గుర్తుకు వస్తుంది. అయితే ఇవే లక్షణాలను కొన్ని మందులు కూడా తెచ్చిపెడతాయి. అందువల్ల న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు గత ఏడాదిగా వాడిన మందులన్నీ, డాక్టరు చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి.

పార్కిన్సన్ వ్యాధిలో డోపమైన్ అనే, కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. కొన్ని మందుల విషయంలో కణాలు బాగానే ఉంటాయి గానీ, డోపమైన్ పనిచేయవలసిన చోటును మందు ఆక్రమించి దానిని అడ్డుకుంటుంది. మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లూనరిజైన్ కూడా ఈ కోవలోవే.

నా దృష్టిలో మన ఇళ్లలో అన్నింటికంటే ముందుగా అనుమానించవలసింది గ్యాస్ మాత్రను. పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ లేదా రాబెప్రజోల్ క్యాప్సూల్‌లో చాలాసార్లు లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. అది కూడా డోపమైన్‌ను అడ్డుకునే మందే. నెలల తరబడి దాన్ని వాడుతున్నవారు సైతం మందులేమిటని అడిగితే బీపీ, షుగర్ మాత్రలే చెబుతారు, గ్యాస్ మాత్రను లెక్కలోకే తీసుకోరు. బ్రాండు పేరు చివర ‘ఎల్’ ఉంటే తరచుగా లెవోసల్పిరైడ్ అనీ, ‘డి’ ఉంటే వాంతులకు ఇచ్చే డోంపెరిడోన్ అనీ అర్థం. అయినా అక్షరాన్ని నమ్మకుండా అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదివించుకోవాలి.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో లేదా నెలల్లో లక్షణాలు రావడం, రెండు వైపులా దాదాపు సమానంగా ఉండడం మందు మీద అనుమానాన్ని బలపరుస్తాయి. అసలు వ్యాధి సాధారణంగా ఒకవైపు మొదలవుతుంది. అయితే ఇది ఖచ్చితమైన గీటురాయి కాదు. కాబట్టి ఏ మాత్ర ఏ తేదీన మొదలైంది, వణుకు ఎప్పుడు గమనించారు అన్నవి పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించండి. సొంతంగా ఆపవద్దు, ముఖ్యంగా మానసిక వ్యాధి మందులను. కారణమైన మందు ఆపాక చాలామందిలో వారాల నుంచి నెలల్లో లక్షణాలు తగ్గుతాయి. కొందరిలో తగ్గకపోవచ్చు, అంతవరకు బయటపడకుండా లోపల ఉన్న పార్కిన్సన్ వ్యాధిని ఆ మందు బయటపెట్టి ఉండవచ్చు.

వ్యాధి ఇప్పటికే నిర్ధారణ అయి, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా, దానికి తోడుగా ఇచ్చే కార్బిడోపా కలిసిన మాత్ర వాడుతున్నవారు వేళ తప్పకూడదు. ఎక్కువ మాంసకృత్తులున్న భోజనం లెవోడోపా ప్రభావాన్ని తగ్గించగలదు కనుక, వికారం లేనివారు మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. ఐరన్ మాత్రనైతే దానికి దూరంగా వేరే వేళకు మార్చుకోవాలి. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఆ చూర్ణం వాడుతూ డాక్టరుకు చెప్పకపోతే మోతాదు మించి, ఒళ్లు అదుపు లేకుండా కదలడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం వంటివి జరగవచ్చు. పార్కిన్సన్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో హఠాత్తుగా జూదం మీదో కొనుగోళ్ల మీదో మోజు పెరిగితే అది మందు ప్రభావం కావచ్చు. రోగి సిగ్గుపడి చెప్పడు కనుక ఇంట్లోవారే గమనించాలి.

ఏ కారణంగానైనా ఆసుపత్రిలో చేరవలసి వస్తే లెవోడోపా వేళలు రాసిన కాగితం వార్డు నర్సుకు ఇవ్వండి. దానిని ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, ప్రాణాపాయం కూడా సంభవించవచ్చు. అదే కాగితం మీద వాంతులకు మెటోక్లోప్రమైడ్, రాత్రి కలవరింతలకు హాలోపెరిడాల్ ఇవ్వవద్దని పెద్ద అక్షరాలతో రాయండి.