విశాఖలో ఉద్యోగం, విజయనగరంలో అద్దిల్లు

విశాఖలో ఉద్యోగమొచ్చింది గానీ, రెండు గదుల వాటాకే జీతంలో సగం అడిగారు. బ్రోకరుకి ఇంకో నెల అద్దె. "రైలుంది కదరా, ఇక్కడే ఉండు" అంది మా పిన్ని.

విజయనగరం తోటపాలెంలో మూడు సాయంత్రాలు వీధివీధీ తిరిగాను. గేట్లకి కట్టిన టులెట్ అట్టల కన్నా కిరాణా కొట్టాయన మాటే పనికొచ్చింది. మేడమీద వాటా, నెలకి 6,000. అడ్వాన్సు ఇచ్చేముందు కుళాయి తిప్పాను: సన్నటి ధార, తుప్పు రంగు. ట్యాంకు కడిగించాకే ఇచ్చాను. కరెంటు మీటరు విడిగా ఉందో లేదో తప్పకుండా చూడండి. మీటరు అంకెని ఫొటో తీసి ఇంటాయనకీ పంపాను.

రైల్లో సుమారు 60 కిలోమీటర్లు. నెలవారీ సీజన్ టికెట్ తీసుకున్నాను. కోరుకొండ, అలమండ, కొత్తవలస మీదుగా రోజూ వెళ్లొస్తున్నాను. రాత్రి భోజనం పిన్ని దగ్గరే.